ఎరువు కుప్పలో తెల్లని రోకలిబండ

ప్రశ్న: మాది గులాబీ తోట. పశువుల ఎరువు కుప్ప తిరగేస్తుంటే జానెడు పొడవున్న నల్లని రోకలిబండ పురుగులు బయటపడ్డాయి. ఒక మట్టి ఉండ పగిలితే లోపల తెల్లగా, మెత్తగా చుట్ట చుట్టుకున్నది ఒకటి కనిపించింది. పక్కనే పెంకు ముక్కలున్నాయి. ఇది తెగులా? గుళికలు చల్లాలా?
– ఒక రైతు, మొయినాబాద్

జవాబు: గుళికల సంచి విప్పకండి. అది తెగులు కాదు, కుబుసం విడిచిన రోకలిబండ. దాని పైపెంకు కాల్షియంతో గట్టిపడినది, సాగదు. ఒళ్లు పెరగాలంటే పాతది వదలాల్సిందే. కొత్త పెంకు గట్టిపడేదాకా చీమలు పట్టినా ఎదిరించలేదు కనుక, ముందుగానే మట్టిలోకి దిగి గది కట్టుకుంటుంది. పెద్దవాటికి ఈ పనికి వారాలు పట్టవచ్చు. విడిచిన పెంకును అదే తినేస్తుంది, అందులోని కాల్షియం వృథా పోనివ్వదు. మీరు చూసిన ముక్కలు ఆ భోజనంలో మిగిలినవే.

కుప్పలోని పొట్టివాటిని వేరే పురుగులనుకోవద్దు. రోకలిబండ పిల్ల గుడ్డు నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా మూడు జతల కాళ్లే ఉంటాయి. ఎదిగే వయసులో కుబుసం విడిచినప్పుడల్లా తోక కొసకు ముందు కొత్త కణుపులు, వాటికి కాళ్లు వస్తాయి. ఊడిన కాలు కూడా అలాగే మళ్లీ మొలుస్తుంది.

జెర్రితో పొరపడితేనే ప్రమాదం. జెర్రి బల్లపరుపుగా ఉంటుంది, చురుగ్గా పరుగెత్తుతుంది, కణుపుకు ఒక జత కాళ్లు, కరిస్తే విషం. రోకలిబండ గుండ్రం, నిదానం, ముట్టుకుంటే చుట్టుకుపోతుంది. తల దగ్గరి కొన్ని కణుపులు వదిలేస్తే మిగతా వాటికి రెండేసి జతల కాళ్లు. ఏడో కణుపు దగ్గర కాళ్ల వరుస తెగినట్టుంటే అది మగది. ఇది విషంతో కరవదు కానీ పక్కల నుంచి ఘాటైన ద్రవం వదులుతుంది. చేతికి మరక పడుతుంది, కంట్లో పడితే మంట. సబ్బుతో చేతులు కడగనిదే కళ్లు నలపకండి.

కుళ్లిన ఆకులే దీని తిండి, మీ కుప్పలో అది చేసేది మీ పనే. తడి ఎక్కువైన నారుమడిలో మాత్రం లేత మొలకలను కొరకవచ్చు. అక్కడ సాయంత్రం తడి గోనె సంచి పరచి, ఉదయం దాని కింద చేరినవాటిని చేటలోకి ఎత్తి కుప్పలో వేయండి.

ఇక ఆ తెల్లనిది. చచ్చిందో లేదో అని పుల్లతో పొడవకండి, అంటుకున్న పెంకు లాగకండి. కుప్ప పక్కన నీడలో చిన్న గుంత తీసి, పెంకు ముక్కలతో సహా పెట్టి, తేమ మట్టి వదులుగా కప్పండి. పార తగలకుండా అక్కడొక కర్ర గుచ్చండి.