హ్యుందాయ్ చంగ్ మోంగ్-కూ: జైలు శిక్ష పడ్డా ఛైర్మన్‌గా ఎలా కొనసాగారు?

శిక్ష అమలు వాయిదా పడటం, ఆపై క్షమాభిక్ష రావడం వల్ల.

హ్యుందాయ్ వ్యవస్థాపకుడు చంగ్ జు-యుంగ్ కొడుకైన ఈయన పగ్గాలు పట్టాక నాణ్యతనే పట్టుకున్నారు. అమెరికాలో హ్యుందాయ్ అంటే నవ్వే రోజుల్లో ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఇచ్చారు. అది పెద్ద జూదమే, కానీ ఫలించింది.

2006 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. గ్రూపు కంపెనీల సొమ్ముతో రహస్య నిధి నడిపారన్నది అభియోగం. 2007 ఫిబ్రవరిలో మూడేళ్ల శిక్ష పడింది. సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని వాయిదా వేసి, భారీగా సొంత ఆస్తి సమాజానికి ఇవ్వాలనీ, ప్రసంగాలు చేయాలనీ షరతు పెట్టింది. చిక్కు ఇక్కడే వచ్చింది: కొరియా చట్టంలో సమాజసేవ అంటే గంటల లెక్కన చేసే పని, విరాళం కాదు. 2008లో సుప్రీంకోర్టు కేసును తిప్పి పంపింది. చివరికి 300 గంటల సేవ ఖాయమైంది, ఆగస్టులో క్షమాభిక్ష దక్కింది.

2014లో సియోల్‌లోని గంగ్నమ్ స్థలానికి 3.3 లక్షల కోట్ల వాన్ (కొరియా కరెన్సీ) అంచనా ఉంటే వేలంలో 10.55 లక్షల కోట్లు పాడారు. వాటాదారులు మండిపడ్డారు, షేరు పడింది.

గ్రూపులోని కియా పెనుకొండ ప్లాంటు ఒప్పందం (2017) నాటికీ ఛైర్మన్ ఆయనే. 2020 అక్టోబరులో కుర్చీ కొడుకు యుయి-సన్‌కు ఇచ్చారు.