పాత పుస్తకాల్లో ఉక్కు రేకు బొమ్మలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర నయాగరా జలపాతం బొమ్మ కొన్నాను. 1840 నాటి ‘అమెరికన్ సీనరీ’ అనే పుస్తకంలోదట. కింద 1838 అని ఉంది, రంగులూ ఉన్నాయి. అసలుదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఏడాది తేడా చూసి కంగారు పడకండి. ఆంగ్ల చిత్రకారుడు డబ్ల్యూ.హెచ్. బార్ట్‌లెట్ గీసిన ఈ దృశ్యాల్ని ఉక్కు రేకులపై చెక్కి అచ్చువేశారు. అవి ముందు విడి భాగాలుగా వచ్చాయి, పుస్తకం తర్వాత. ఎడమ మూలన ఆయన పేరు, కుడి మూలన చెక్కినవారి పేరు, కింద లండన్ ప్రచురణకర్త జార్జ్ వర్చ్యూ పేరు ఉన్నాయేమో చూడండి.

తర్వాత పదింతల భూతద్దంతో ఆకాశం చూడండి. అంతకుముందు వాడిన రాగి రేకు మెత్తన, కొన్ని వందల ప్రతులకే సన్నగీతలు అరిగిపోతాయి. ఉక్కు వేల ప్రతులకు ఆగుతుంది కాబట్టి గీతల్ని వెంట్రుకల్లా దగ్గరదగ్గరగా వేసేవారు. ఆకాశంలోని ఆ సమాంతర గీతలు చాలావరకు చేతివి కావు. రేకు మీది మైనపు పూతపై యంత్రంతో గీసి ఆమ్లంతో తినిపించినవి. గీత తెగకుండా సాగాలి. దాని బదులు చుక్కలు కనిపిస్తే ఈ కాలపు ఆఫ్‌సెట్ నకలే.

దీపం పక్కవాటుగా పెట్టి నీడలు ముదురుగా ఉన్నచోట చూడండి, సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అచ్చువేసేటప్పుడు తడి కాగితం ఒత్తిడికి రేకులో చెక్కిన గాడిలోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది మరి. చుట్టూ రేకు అంచు ముద్ర లేకపోయినా ఫరవాలేదు, బైండింగ్‌లో అంచులు కత్తిరిస్తుంటారు.

ఇక రంగులంటారా, ఈ పుస్తకం మామూలుగా నలుపులోనే అమ్మారు. రంగులు తర్వాతెవరో వేసినవే అయ్యుంటాయి. పాత కాగితం మీద వచ్చే గోధుమరంగు మచ్చల దగ్గర, పూసిన రంగును కాగితం ఎక్కువగా పీల్చి ముదురుగా కనిపిస్తే, మచ్చలు పడ్డాకే రంగు పడిందన్నమాట. దానికి ఎక్కువ ధర ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: ఇలాంటి పాత బొమ్మల మీది గోధుమరంగు మచ్చలకు బ్లీచింగ్ వాడొచ్చా? ఫ్రేము ఎలా కట్టించాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: బ్లీచింగ్ వద్దు. మచ్చ పోతుందేమోగానీ కాగితం పెళుసెక్కుతుంది, మందు మిగిలిపోతే మళ్లీ పచ్చబడుతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి ఊరుకోండి.

ఫ్రేముకు ఆమ్లం లేని మౌంటు అట్ట అడగండి. బొమ్మను పై అంచున మాత్రమే, రెండుచోట్ల, జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజిపిండి (స్టార్చ్) జిగురుతో వేలాడదీయాలి. నాలుగంచులూ అంటిస్తే వానాకాలం తేమకు కాగితం సాగలేక ముడతలు పడుతుంది. సెల్లోటేపు అసలే వద్దు, దాని జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది. అద్దం బొమ్మకు తగలకూడదు. మీది సముద్రపుగాలి ఊరు. వాన కొట్టే గోడకు మాత్రం తగిలించకండి.