థార్‌కు పెద్ద టైర్లు వేస్తే స్టెప్నీ ఎక్కడ బిగించాలి?

కడపలో థార్‌కు పెద్ద టైర్లు వేయించాను, స్టెప్నీని వెనక డోరు మీదే ఉంచాలా, టాప్ మీదికి మార్చాలా అని అడిగారు. వెనకే ఉంచండి. కానీ డోరుకు కాదు, చాసిస్‌కు (బండి అడుగు ఫ్రేముకు) బిగించే బంపర్ మీది టైరు క్యారియర్‌కు.

డోరు, దాని కీళ్లు కంపెనీ టైరు బరువును బట్టి చేసినవి. పెద్ద టైరు రిమ్ముతో కలిపి 35 కిలోలు దాటవచ్చు. గండికోట చుట్టుపక్కల రాళ్ల దారుల్లో ప్రతి కుదుపుకీ ఆ బరువంతా కీళ్లను లాగుతుంది. కొన్నాళ్లకు డోరు కిందికి జారి సరిగ్గా పడదు, ప్యానెల్‌కు పగుళ్లు కూడా రావచ్చు.

టాప్ మీద పెడితే వెనక అద్దంలోంచి దారి బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ అంత బరువు పైన ఉంటే పక్కవాలు దారిలో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. పైగా మే నెల ఎండలో ఒక్కరే ఆ టైరును కిందికి దించాలంటే నడుము పట్టేస్తుంది. బండి కింద పెడితే బండలు తగులుతాయి, ఆ ఆలోచన వదిలేయండి.

క్యారియర్ బిగించాక నంబర్ ప్లేటు, బ్రేక్ లైట్లు, రివర్స్ కెమెరా మూసుకుపోలేదని చూసుకోండి. క్యారియర్‌ను పక్కకు తెరిచినప్పుడు అది గాలికి వెనక్కి కొట్టుకోకుండా ఆపే లాక్ తప్పనిసరిగా ఉండాలి. మొదటి రాళ్ల ప్రయాణం అయ్యాక బోల్టులన్నీ మళ్లీ బిగించండి.