పరుగు పందెంలో బాంబుల డాక్యుమెంటరీ చూశాక అబ్బాయికి గుండెదడ, నిద్రమాత్ర వెయ్యొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి 19 ఏళ్లు, పోలీసు సెలక్షన్ కోసం రోజూ తెల్లారే గ్రౌండ్‌కి వెళ్లి పరిగెడతాడు. రెండు వారాల కింద ఫోన్లో బోస్టన్ మారథాన్ బాంబు దాడి డాక్యుమెంటరీ చూశాడు, ఆ ముక్కలే మళ్లీ మళ్లీ పెట్టుకుని చూస్తున్నాడు. అప్పట్నుంచి సరిగ్గా నిద్ర లేదు, గుండెదడ అంటాడు, కుక్కర్ కూస్తే ఉలిక్కిపడతాడు, గ్రౌండ్‌కి పొమ్మంటే పోనంటున్నాడు. దిష్టి తీశాం. మెడికల్ షాపాయన నిద్రమాత్రలు ఇచ్చాడు, ఇంకా వెయ్యలేదు. వెయ్యొచ్చా?

జవాబు: వద్దమ్మా, వెయ్యకండి. చీటీ లేకుండా షాపుల్లో ఇచ్చేది చాలాసార్లు అల్ప్రాజోలమే, ఆ రాత్రికి పడుకుంటాడు గానీ కొన్ని వారాలు వాడితే అలవాటైపోతుంది, మాన్పించడం ఇంకో తంటా. దిష్టి తీశారా, మంచిదే, దానికి సైడ్ ఎఫెక్ట్స్ లేవు.

కుక్కర్‌కి ఉలిక్కిపడటం మీకు వింతగా ఉండొచ్చు. 2013 ఏప్రిల్ 15న బోస్టన్‌లో ఫినిష్ లైన్ దగ్గర పేలిన రెండూ ప్రెషర్ కుక్కర్లలో పెట్టిన బాంబులే, ముగ్గురు చనిపోయారు, 260 మందికి పైగా గాయపడ్డారు, కొందరికి కాళ్లే తీసేయాల్సొచ్చింది. చూసినవాడూ పరిగెత్తేవాడే కదా, వాడికి గట్టిగా తగిలింది, పిరికోడని మాత్రం అనకండి. ఆ దాడి తర్వాత అమెరికాలో పరిశోధకులు వేల మందిని అడిగితే, ఆ వారం రోజుకి 6 గంటలు, అంతకు మించి ఆ వార్తలూ వీడియోలూ చూసినవాళ్లకి, అక్కడ స్వయంగా ఉన్నవాళ్ల కంటే కూడా ఎక్కువ స్ట్రెస్ కనిపించింది. ఒకసారి చూసి వదిలేయడం వేరు, రాత్రి దుప్పట్లో దూరి అదే పేలుడు పదిసార్లు చూడటం వేరు.

కాబట్టి రాత్రి 9 దాటాక ఫోన్ మీ దగ్గర ఉంచుకోండి, లాక్కోకుండా మాట్లాడి తీసుకోండి. సాయంత్రం టీ, గ్రౌండ్ పిల్లలు తాగే ఆ ఎనర్జీ డ్రింకులు ఆపేయమనండి, దడలో వాటి వాటా కూడా ఉండొచ్చు. కుక్కర్ దాచేయకండి. మీరు పక్కనుండి వాడి చేతే పప్పు పెట్టించండి, మొదటి విజిల్‌కి గుండె అదురుతుంది, రోజూ వింటుంటే తగ్గుతుంది. ఈ రకం భయం తప్పించుకున్నకొద్దీ పెరుగుతుంది. గ్రౌండ్ కూడా అంతే, మొదట ఫ్రెండ్‌తో వెళ్లి కాసేపు కూర్చుని రమ్మనండి, తర్వాత ఒక రౌండ్ నడక, కుదుటపడ్డాక 1600 మీటర్లు. దడ వచ్చినప్పుడు ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే నిదానంగా వదలాలి, ఓ ఐదు నిమిషాలు. బోస్టన్‌లో మరుసటి ఏడాదే 36 వేల మంది దాకా అదే పందేనికి పేర్లిచ్చారని చెప్పండి, మన కుర్రాళ్లకి ఇలాంటివి బాగా ఎక్కుతాయి.

అయితే దడంతా మనసుదే అని నేను ఇక్కణ్నుంచి తేల్చలేను, పరుగు మొదలెట్టే ముందు ఒక ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించండి. పరిగెడుతుంటే ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా, మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నా డాక్టర్ చూసేదాకా పరుగు వద్దు.

నెల దాటినా ఇలాగే ఉంటే బరంపురం మెడికల్ కాలేజీలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. బతకాలని లేదు లాంటి మాటేదైనా అంటే నెల దాకా ఆగొద్దు, ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి. ఒడియాలో మనసులో మాట చెప్పుకోవడం ఇబ్బందైతే టెలీ మానస్ 14416కి చేయండి, ఫ్రీ, రాత్రయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.