న్యూజిలాండ్ ట్రిప్‌కు లోన్ ఎందుకు, చేతిలో చిట్టీ ఉండగా?

ప్రశ్న: మేం నల్లగండ్లలో ఉంటాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.7 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 48 వేలు, ఎనిమిదేళ్ల పాప కోసం సిప్ 15 వేలు, 5 లక్షల చిట్టీకి నెలకు 20 వేలు (25 నెలల చిట్టీ, ఈ జూలైతో 16 కట్టాం). ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. డిసెంబరులో న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో 12 రోజులు కారులో తిరగాలని ఆశ. పడమటి తీరంలో వానల అడవులు, కొండ దాటాక సరస్సులు. 9 లక్షలవుతుందని ఏజెంటు అంటున్నాడు. బ్యాంకు 13 శాతానికి, మూడేళ్లకు 6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఈఎంఐ కట్టగలం. తీసుకోమంటారా, లేక చిట్టీ ఇప్పుడే పాడేయమంటారా?

జవాబు: వెళ్లండి. డిసెంబరులో మాత్రం వద్దు, లోన్ మీద అసలే వద్దు.

6 లక్షలకు 13 శాతం చొప్పున మూడేళ్లంటే ఈఎంఐ సుమారు 20,200. వడ్డీయే 1.28 లక్షలు పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. అక్కడ ముగ్గురికి కారు, గది, పెట్రోలు, తిండి కలిపి రోజుకు 20 వేల దాకా అవుతుందని నా అంచనా. అంటే ఆ వడ్డీతో ఇంకో ఆరు రోజులు ఉండిరావచ్చు.

ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు చాలామంది ముందు రోజులకే కోత పెడతారు. ఈ ట్రిప్‌లో దానివల్ల మిగిలేది తక్కువ. రెండు రోజులు తగ్గిస్తే 40 వేలు మిగులుతాయి, అంతే. అసలు బరువంతా విమానం టికెట్లది. అక్కడ డిసెంబరు, జనవరి ఎండాకాలం, వాళ్ల సెలవులు. టికెట్లు, గదులు, కార్లు అన్నీ మండుతుంటాయి. పైగా పాపకు బడి ఎగ్గొట్టించాలి. ఏప్రిల్ చివర్లో మన బళ్లకు వేసవి సెలవులు వచ్చేసరికి అక్కడ ఆకురాలు కాలం. రద్దీ తగ్గుతుంది, వనాకా సరస్సు చుట్టూ చెట్లన్నీ పసుపు రంగులో ఉంటాయి. ఆరు లోపే పొద్దుగూకుతుంది కాబట్టి రోజుకు తక్కువ దూరం పెట్టుకోండి. క్రైస్ట్‌చర్చ్‌లో కారు తీసుకుని ఆర్థర్స్ పాస్, హోకిటికా, ఫ్రాంజ్ జోసెఫ్, హాస్ట్, వనాకా, టెకాపో మీదుగా మళ్లీ క్రైస్ట్‌చర్చ్‌కే రండి. మొత్తం సుమారు 1,100 కిలోమీటర్లు. తీసుకున్న ఊళ్లోనే కారు అప్పజెబితే వన్‌వే ఫీజు బెడదా ఉండదు.

నా లెక్కలో టికెట్లు 2.7 లక్షలు, వీసా, ఇన్సూరెన్స్, మనిషికి 100 న్యూజిలాండ్ డాలర్ల విజిటర్ లెవీ కలిపి 70 వేలు, 12 రోజులకు 2.4 లక్షలు, వానకు 60 వేలు. మొత్తం 6.4 లక్షలు.

వానకు డబ్బేమిటంటారా? సముద్రం మీది పడమటి గాలి సదరన్ ఆల్ప్స్ కొండలకు తగిలి, మోసుకొచ్చిన తేమంతా పడమటి తీరం మీదే దించేస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదికి 80 సెంటీమీటర్ల చుట్టుపక్కల కురిస్తే, హోకిటికాలో 2.8 మీటర్లు కురుస్తుంది. రిము, కహికాటియా చెట్లతో, చెట్లంత ఎత్తు ఫెర్న్‌లతో ఆ అడవి అలా పచ్చగా ఉందంటే ఆ వాన వల్లే. కొండ దాటి టెకాపో వైపు వెళ్తే ఎండిన గడ్డి మైదానాలు. ఇక తీరం వెంట దక్షిణానికి వెళ్లే హైవే 6 ఒక్కటే. 2019 మార్చిలో వరదకు ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర వైహో నది వంతెన కొట్టుకుపోయి, రెండు వారాలకు పైగా దారి తెగిపోయింది. అలాంటప్పుడు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, కొండలకు అవతలి వైపు నుంచి చుట్టి రావాలి. అందుకే ఆ 60 వేలు. తీరంలో గదులు మాత్రం రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి, కాస్త ఖరీదైనా సరే.

ఇక చిట్టీ. ఇప్పుడు పాడకండి. బళ్ల ఫీజులు, ఆపైన దసరా, దీపావళి. డబ్బు అవసరమున్నవాళ్లు పోటీపడి పాడే నెలలివి. జనవరికి 22వ నెల వస్తుంది. మిగిలేది కొద్దిమందే కాబట్టి పాట పెద్దగా లేవదు. కమీషన్ 25 వేలు, పాటలో ఓ 15 వేలు పోయినా 4.6 లక్షలు చేతికొస్తాయి. కట్టాల్సినవి మూడు వాయిదాలే కాబట్టి ష్యూరిటీల తలనొప్పీ తక్కువే. ఆ డబ్బుతో టికెట్లు కొనండి. లోన్ ఈఎంఐ కట్టగలమన్నారు కదా, ఆ 20 వేలూ ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా ఆర్‌డీలో వేస్తే 1.8 లక్షలు. సరిపోయింది. ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, మీ ఖర్చులకు అది మూడు నెలలు కూడా రాదు. సిప్ ఆపొద్దు. తిరిగొచ్చేసరికి జూన్ ఫీజు ఎదురుచూస్తుంటుంది. మే నుంచి చిట్టీ వాయిదా ఉండదు కాబట్టి ఆ సొమ్ము దానికి పనికొస్తుంది.

ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రేటు బడ్జెట్‌ బడ్జెట్‌కూ మారుతోంది, కొనేముందు అడగండి. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. విడివిడిగా బుక్ చేసుకుంటే ఆ గొడవే లేదు. ఫారెక్స్ కార్డులో వేసుకునే సొమ్ముకైతే మనిషికి ఏడాదికి 10 లక్షలు దాటాకే టీసీఎస్. కారు డిపాజిట్‌కు మాత్రం నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, లిమిట్ చూసుకోండి. ప్రమాదంలో గాయపడితే పర్యాటకుల చికిత్సకు అక్కడి ప్రభుత్వ పథకం సాయం చేస్తుంది. జ్వరమొస్తే చేయదు. ఇన్సూరెన్స్ అందుకే. వంటగది ఉన్న మోటెల్ తీసుకుంటే తిండి ఖర్చు బాగా తగ్గుతుంది. ఆవకాయ పట్టుకెళ్తే విమానాశ్రయంలో తప్పక డిక్లేర్ చేయండి, దాస్తే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

ఒక్కటి మీరు రాయలేదు. మీ చిట్టీ రిజిస్టరైనదేనా? పాస్‌బుక్, ఒప్పందం తీసి చూడండి. అపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో నమ్మకం మీద నడుస్తున్నదైతే నేను పైన చెప్పిన జనవరి లెక్క వదిలేయండి. పాటలో ఎక్కువ పోయినా సరే, ఈ నెలే పాడి డబ్బు ఇంటికి తెచ్చుకుని ఎఫ్‌డీలో వేయండి.