ఊరి బోరింగును ఊరివాళ్లే నడుపుకోవచ్చా?

ప్రశ్న: ములుగు దగ్గర మా గూడెంల మిషన్ భగీరథ (ఇంటింటికీ మంచినీళ్లిచ్చే సర్కారు పథకం) నల్లా బందైన రోజు చేతిబోరింగే దిక్కు. అది మాటిమాటికీ చెడిపోతోంది. మెకానిక్ కోసం ఎదురుచూడకుండా మేమే చూసుకోగలమా?

జవాబు: చూసుకోవచ్చు. కాకపోతే పూర్తిగా ఆగేదాకా ఉండొద్దు, నీళ్లు తగ్గుతున్నప్పుడే పట్టుకోవాలె.

నెలకోసారి రెండు పరీక్షలు చేయండి. నీళ్లు ధారగా వచ్చాక అరగంట ఎవరూ ముట్టొద్దు. మళ్లీ కొడితే ఐదుసార్లలోపు నీళ్లు రావాలి. పది పదిహేనుసార్లు కొడితే గానీ రాకపోతే, పైపులో నిలవాల్సిన నీరు కిందికి జారుతోందన్నమాట. అడుగు వాల్వు (పైకొచ్చిన నీటిని కిందికి జారనివ్వని మూత) రబ్బరు అరిగిందో, పైపు జాయింటు కారుతోందో చూడాలి. రెండోది, నిమిషంలో 40 సార్లు నిండుగా కొట్టి బకెట్లలో పట్టండి. ఇండియా మార్క్-2 రకం చేతిబోరింగులో నీళ్లు తోడే సిలిండర్ లోపలి వెడల్పు 63.5 మిల్లీమీటర్లు, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్ కదలిక 125 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 16 లీటర్ల దాకా రావాలి. మొదటి పరీక్ష నెగ్గి ఇక్కడ 10 లీటర్లకు తగ్గితే ముందు అనుమానించాల్సింది పిస్టన్ చుట్టూ నీళ్లు జారకుండా ఆపే కప్ వాషర్లనే. ఎండాకాలంలో కాసేపు బాగా వచ్చి గాలి కొడితే మాత్రం తప్పు వాషర్లది కాదు, నీటిమట్టం సిలిండర్ కిందికి దిగింది. బోరుకు ఇంకా లోతుంటే పైపు, రాడ్డు కలపాలి. పొద్దున మాత్రమే ఎర్రనీళ్లు వచ్చి నాలుగు బకెట్లకు తేటపడితే అది జీఐ (జింకు పూత ఇనుప) పైపు తుప్పు.

వాషరు చిన్నదే, దాన్ని బయటికి తీయడమే పెద్దపని. మార్క్-2లో 30 మీటర్ల లోతుకు 3 మీటర్ల పైపులు పది లేపాలి. రాడ్లతో కలిపి ఇనుమే క్వింటాలు దాటుతుంది. పైపును పట్టి ఉంచే క్లాంపు గట్టిగా పట్టిందో లేదో చూడకుండా జాయింటు విప్పొద్దు. పైపుల లైను జారి బోరులో పడితే బోరే పోయినట్టు. కొత్త బోరింగు మంజూరైతే మార్క్-3 అడగండి. దాని పైపు 65 మిల్లీమీటర్లు కాబట్టి పైపులు కదపకుండా రాడ్లతోపాటు పిస్టన్ పైకి వస్తుంది.

చైనుకు గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం నెలనెలా జరగాలి. గద్దె పగిలితే వెంటనే సిమెంటు పూయండి, మురుగు ఆ పగుళ్లనుంచే బోరులోకి దిగుతుంది.

ఈ పరీక్షలు నీళ్లు మోసే ఆడవాళ్ల చేతికే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ధార తగ్గిన సంగతి ముందు తెలిసేది వాళ్లకే. కప్ వాషర్లు రెండు జతలు, వాల్వు రబ్బర్లు, ఒక చైను, గ్రీజు ఒక డబ్బాలో పెట్టి ఒకరింట్లో ఉంచండి. ఇంటికింత అని వసూలుచేసి మహిళా సంఘం పుస్తకంలో వేరే పేజీలో రాయించండి. వసూలు పత్తి అమ్ముకునే రోజుల్లో పెట్టుకోండి, ఎండలు ముదిరాక అడిగితే ఎవరి చేతిలోనూ పైసలుండవు.