కార్బురేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా నాన్నగారు 1974లో కొన్న బుల్లెట్ 350, 2022 జూలై వరదలో రెండు రోజులు నీటిలో నానింది. నిరుడు ఇంజిన్ విప్పించి, బోరు చేయించి, కొత్త పిస్టన్, వాల్వులు వేయించాను. పాత కార్బురేటర్ పాడైపోవడంతో మిక్‌కార్బ్ పెట్టించాను. బండి చల్లగా ఉన్నప్పుడు రెండు కిక్కుల్లో అందుకుంటుంది కానీ, ఆరేడు వందల కిలోమీటర్లు తిరిగాక వేడి మీద పది కిక్కులు కొట్టినా పలకడం లేదు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే కార్బురేటర్ తుమ్ముతుంది, వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటుంది. సైలెన్సర్ పైపు ఇంజిన్ దగ్గర నీలంగా మారింది. మెకానిక్ మూడుసార్లు జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్కలు) మార్చాడు. ఇది కుదుటపడ్డాక వెనుక ఫ్రేమ్ కోయించి, హ్యాండిల్ దించి, కఫే రేసర్‌గా (ముందుకు వంగి నడిపే పాతకాలపు రేసు బండి రూపంలో) మలచాలని నా కోరిక. మీ సలహా ఏమిటి?

జవాబు: మన ప్రాంతపు షెడ్లలో కార్బురేటర్‌ను చాలామంది ‘కార్పొరేటర్’ అనే పిలుస్తారు. ఆ పేరుకు తగ్గట్టే ఊళ్లో ఏ తప్పు జరిగినా నింద దాని మీదే పడుతుంది. మీ ఉత్తరంలోని లక్షణాలను బట్టి చూస్తే, జెట్లు మార్చవలసిన దశ ఇంకా రాలేదు. వాల్వుల సందు, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే స్విచ్చు), టైమింగ్ (స్పార్క్ పడే వేళ), గాలి లీకు అనే వరుసలో ఒక్కొక్కటీ తేల్చుకున్న తరువాతే కార్బురేటర్ మీద చేయి వేయాలి. ఈ వరుస తప్పితే ఒక లోపాన్ని మరో లోపంతో కప్పిపుచ్చినట్టవుతుంది.

కొత్తగా అరగదీసి కూర్చిన వాల్వులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సీట్లలోకి మరికాస్త దిగుతాయి. అలా దిగిన మేరకు పుష్ రాడ్‌కు (వాల్వును తెరిపించే కడ్డీకి) ఉండవలసిన వెసులుబాటు తగ్గిపోయి, వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పలికిన బండి వేడి మీద మొండికేయడానికి ఇది బలమైన కారణం. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను ఉదయమే తీసుకుని, కంప్రెషన్ స్ట్రోకులో, అంటే రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు, పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, కుడివైపు ట్యాపెట్ మూత విప్పండి. పుష్ రాడ్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పితే అది సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. రెండు రాడ్లకూ ఇదే కొలత. బిగించాక ఇంజిన్‌ను రెండుమూడు చుట్లు తిప్పి మరోసారి చూడండి, ఎందుకంటే లాక్ నట్టు బిగించేటప్పుడే సర్దుబాటు చెడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

తరువాత పాయింట్లు. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. కొత్త పాయింట్ల మడమ, అంటే క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క, మొదట్లో త్వరగా అరుగుతుంది. అది అరిగే కొద్దీ సందు తగ్గి, స్పార్క్ ఆలస్యమవుతుంది. ఆలస్యంగా అంటుకున్న మంట ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకు కూడా మండుతూనే ఉంటుంది కనుక పైపు కాలి నీలం తిరుగుతుంది. మీ బండిలో జరిగింది చాలావరకు ఇదేనని నా అనుమానం, అయితే మిశ్రమం పలుచనైనా, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనా, పైపు ఇలాగే రంగు మారుతుంది కాబట్టి గాలి లీకును కూడా విడిచిపెట్టకూడదు.

టైమింగ్ చూడడానికి మీ బుల్లెట్ హెడ్‌లైట్ గూటిలోని ఆంపియర్ మీటరే మంచి సాధనం. ఇగ్నిషన్ వేసి కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కుతూ ఆ ముల్లును గమనించండి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ అది మైనస్ వైపు ఒరిగి ఉంటుంది, విడిపోయిన క్షణంలో మధ్యకు తిరిగొస్తుంది. పిస్టన్ పైకొసకు 0.8 మిల్లీమీటర్లు దిగువన ఉన్నప్పుడు, అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగితే స్పార్క్‌ను ముందుకు జరిపేవి) ముడుచుకుని ఉండగా, ఆ కదలిక జరగాలి. ఇది 350 ఇంజిన్‌కు చెప్పిన కొలత. కొందరు ప్లగ్గు రంధ్రంలో సైకిలు చువ్వ దించి కొలుస్తారు, కానీ ఆ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. డయల్ గేజ్ ఉన్న వర్క్‌షాపులో ఒకసారి సరి చూపించుకోండి.

గాలి లీకుకు ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి, కార్బురేటర్ వచ్చి ఇంజిన్ హెడ్‌ను కలిసే చోట కాస్త తేలికపాటి నూనె చిమ్మండి. శబ్దం మారితే లీకు ఉన్నట్టే. నట్లను మితిమీరి బిగించడం వల్ల ఫ్లాంజ్ (అక్కడ అతుక్కునే కార్బురేటర్ చదును అంచు) వంగిపోతుంది. మందపాటి అద్దం పలక మీద ఎమరీ కాగితం పరిచి, ఫ్లాంజ్‌ను దాని మీద ఎనిమిది ఆకారంలో రుద్దితే వంకర ఎక్కడుందో మెరుపును బట్టి తెలిసిపోతుంది. ఆ తరువాతే 216 జాతీయ రహదారి మీద, వెనుక వాహనాలు లేని తెల్లవారు వేళ చూసుకుని, కొంత దూరం యాక్సిలరేటర్ నిండుగా తిప్పి నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి ప్లగ్గు తీసి చూడండి. లేత కాఫీరంగు ఉంటే జెట్టు సరే, సున్నంలా తెల్లగా ఉంటే పెద్ద జెట్టు వేయాలి.

నీటిలో మునిగిన బండి కనుక ఒక మాట. ఒండ్రుమట్టి ఆయిల్ దారుల్లో పేరుకుని ఉండవచ్చు. హెడ్‌కు వెళ్లే సన్నటి ఆయిల్ పైపు యూనియన్ కాస్త వదులు చేసి, ఇంజిన్ నడుస్తుండగా నూనె వస్తున్నదో లేదో చూడండి. రాకపోతే వెంటనే ఆపేయండి.

ఇక కఫే రేసర్ కోరిక. నేను ఒప్పుకోను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశానికి విరుద్ధమైన మార్పులను అనుమతించదు. పైగా 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండిన ద్విచక్ర వాహనాన్ని 20,000 రూపాయల ఫీజుతో వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు, కానీ ఛాసిస్, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు నడపకూడదన్నది గుర్తుంచుకోండి. కోసిన ఫ్రేమ్‌ను మళ్లీ అతికించినా అది మీ నాన్నగారి బండి అనిపించుకోదు. సీటు, హ్యాండిల్ మాత్రం బోల్టులతో మార్చి చూడండి, నచ్చకపోతే మళ్లీ పాతవి బిగించుకోవచ్చు. కాలువ గట్ల మీద, వంతెన గూనుల మీద తిరిగే మనిషికి దించిన హ్యాండిల్ మణికట్లను ఎంత బాధిస్తుందో ఒక్క వారంలో తెలుస్తుంది.

ప్రశ్న: 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత బండ్లకు హాని చేస్తుందా? (పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొంత చేస్తుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను, ఓ-రింగులను ఉబ్బించి మెత్తబరుస్తుంది. అందులో ఆక్సిజన్ ఉండడంతో మిశ్రమం పలుచబడుతుంది కనుక, పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గాక కూడా ప్లగ్గు తెల్లగానే ఉంటే మెయిన్ జెట్టు ఒక అంకె పెంచండి. వానాకాలంలో బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టవద్దు. ఆ ఖాళీలోనే తేమ చేరి ట్యాంకు తుప్పు పడుతుంది. నిండుగా నింపండి, లేదా పూర్తిగా దించి ఆరబెట్టండి. ఎలాగైనా పెట్రోలు కుళాయి కట్టి, కార్బురేటర్ గిన్నె అడుగున ఉండే స్క్రూ విప్పి, అందులో మిగిలిన పెట్రోలును సీసాలోకి వదిలేయండి.